తులసి అడిగే నాలుగో ప్రశ్న

పేలిన టైరు ఒక్కటేనని అందరూ అనుకున్నారు గానీ, పేలడానికి సిద్ధంగా ఉన్నవి అదే లారీకి ఇంకో మూడున్నాయని తులసి వాటిని విప్పాక గానీ బయటపడలేదు.

మొదటి టైరులో చెయ్యి పెట్టి గుండ్రంగా తడిమింది. అరచేతికి నల్లటి పొడి అంటుకుంది, కాటుక మెదిపినట్టు. రెండోది విప్పింది. అదే పొడి. మూడోదాంట్లో పొడితోపాటు వేలికి చురుక్కున ఏదో గుచ్చుకుంది. పక్కగోడ లోపల ఉక్కు తీగలు ఒకదాని పక్కన ఒకటి తెగి, ముళ్ళలా లేచి ఉన్నాయి. బయటినుంచి చూస్తే మాత్రం మూడూ నిగనిగలాడుతున్నాయి. పైన గీతలు సగం కూడా అరగలేదు.

తులసి వేలి మీది నెత్తురు గుడ్డకి తుడుచుకుంది.

“ఒరే వెంకీ, ఈ బండి రేపెక్కడికి?”

“పూసపాటిరేగ వైపక్కా. కొత్త ఫైబరు పడవ. పొద్దున్న పదికల్లా ట్రైలరు మీదకి ఎక్కించీమన్నాడు నాన్న.”

“ఇంజనుతోనా?”

“ఇంజనూ, వలలూ, ఐసుపెట్టీ, అన్నీ దాంట్లోనే.”

“తోలేది?”

“నానే. మురళన్న లేడు గదా మరి.”

వెంకీకి ఇరవై నాలుగేళ్ళు. లారీ యజమాని నరసింగరావుకి రెండో కొడుకు. ముందురోజే కొత్త చొక్కా కొనుక్కున్నాడు, స్టీరింగు పట్టుకోబోతున్నానని. ఆ మూడు టైర్ల మీద ఆ చొక్కా ఎంతదూరం వెళ్ళేదో తులసి ఆలోచించదలచుకోలేదు.

“కూకో. బండి ఇప్పట్లో కదలదు,” అంది.

ఆమదాలవలసలో స్టేషనుకి వెళ్ళే రోడ్డు మీద తులసి టైర్ల కొట్టు. తండ్రి పెట్టింది. తండ్రి పోయాక, ఆడపిల్ల జాకీ ఎత్తుతుందా అని చూడ్డానికి వచ్చినవాళ్ళు చాలామందే. ఎత్తింది. తొమ్మిదేళ్ళుగా ఎత్తుతూనే ఉంది. ధాన్యం ట్రాక్టర్లు, రైసుమిల్లు లారీలు, తీరం నుంచి చేపల బళ్ళు, అన్నీ అక్కడే ఆగుతాయి.

నరసింగరావు లారీకి ఆరు టైర్లు. ముందు రెండు, వెనక జోడీలుగా నాలుగు. సముద్రం ఒడ్డున పెదగెడ్డపాలెంలో ఆయన ఇల్లు. పడవల్ని ట్రైలరు మీద పెట్టి మరమ్మతు షెడ్డుకీ, షెడ్డు నుంచి ఒడ్డుకీ లాగించడం వ్యాపారం. పదిహేను రోజుల కిందట నాగావళి వంతెన దిగుతుండగా వెనక కుడివైపు లోపలి టైరు పేలింది. దాని బరువంతా జోడీ టైరు మీద పడింది, లారీ ఒరిగింది, వెనకున్న ట్రైలరు పాము తోకలా కొట్టుకుని పడవతో సహా పొలంలో పడింది. మనుషులు చావలేదు. డ్రైవరు మురళీమోహన్‌కి భుజం ఎముక చిట్లింది.

ఆ సాయంత్రం నరసింగరావు తులసికి ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగాడు. “తులసమ్మా, నివ్విచ్చిన టైర్లలో లోపం ఉన్నాదా?”

“లేదు బాబాయ్,” అని తులసి చెప్పింది. నిజమే చెప్పింది.

ఆ నిజాన్ని ఆయన ఊరంతా తిప్పాడు. టైరులో లోపం లేదంటే మరి తప్పు ఎవరిది? డ్రైవరుదే. స్పీడు తోలాడు. మర్నాడే మురళి చేతిలోంచి తాళం లాక్కున్నాడు. ఎల్లుండి లారీ ఓనర్ల సంఘం కూర్చుంటుంది. అక్కడ మురళి పేరు కొట్టేస్తే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ అతని చేతికి ఇంకెవరూ స్టీరింగు ఇవ్వరు. అతనికి తెలిసిన పని అదొక్కటే.

తన నోటితో అన్న మాట ఒక మనిషి బతుకు మీద పడిందని తులసికి పదిహేను రోజులుగా లోపల గీరుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ గీరుకున్న చోట కారం పడింది. ఎందుకంటే ఆ నల్లపొడి వేగం వల్ల రాదు.

గాలి తక్కువున్న టైరు మీద బరువు పెట్టి నడిపితే పక్కగోడ తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది. నలిగి కాగుతుంది. కాగి, లోపలి రబ్బరు పొడిగా రాలుతుంది. తర్వాత ఎంత గాలి కొట్టినా తెగిన తీగ అతుక్కోదు. వారమో నెలో ఊరుకుని, ఒకనాడు పేలుతుంది. నాలుగు టైర్లకీ ఒకేసారి, ఒకేలా గాలి తగ్గడం పంక్చరు కాదు. ఎవరో పనిగట్టుకుని తీశారు.

తులసి ఫోన్ తీసింది.

మురళి పావుగంటలో వచ్చాడు. స్టేషను పక్క ధాన్యం కొట్టులో బస్తాలు కుడుతున్నాడు ఇప్పుడు. ఒక భుజం కిందికి జారి ఉంది. లారీని చూసి దగ్గరికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగాడు.

“రాయ్యా, కరవదు,” అంది తులసి. “గాలి ఎప్పుడెప్పుడు చూసేవాడివి?”

“సోమారం సోమారం. బండి సల్లగా ఉన్నప్పుడు, కదపక ముందే. తలుపు లోపల రాసేవాణ్ణి. సూసుకో.”

డ్రైవరు తలుపు లోపలివైపు పెన్సిలుతో వరసగా తారీకులు, పక్కన అంకెలు. ప్రతి వరసలోనూ వంద పౌండ్ల గాలి. ఒక్క వారం మాత్రం ఖాళీ.

“ఇదేటి?”

“తుపానొచ్చిన వారం. నాను శ్రీముఖలింగంలో మా అత్తోరింటి కాడ ఉన్నాను. వంశధార పొంగీసి మూడ్రోజులు బస్సుల్లేవు. తిరిగొచ్చి సూస్తే గాలి వందకి వందా ఉన్నాది. బండి కడిగీసి ఉన్నాది. వానకి కడిగినట్టయిందేమో అనుకున్నాను.”

“వాన చక్రం లోపలివైపు కూడా కడుగుతుందా?”

మురళి వెంకీ వైపు చూశాడు.

“నన్ను సూస్తావేటన్నా? నాను బడి కాడున్నాను, మా అమ్మతోటి. తుపానని ఊరు ఊరంతా బడిలోనే తలదాసుకున్నాది.”

తులసి విప్పిన చక్రం రింగుని నేలకి కొట్టింది. టైరు అంచు కూర్చునే గాడిలోంచి సన్నటి ఇసుక రాలింది. దాంతోపాటు గోరంత గవ్వ ముక్క. గాలి నిండుగా ఉంటే టైరు అంచు రింగుని కరిచి పట్టుకుంటుంది, అక్కడికి ఇసుక దూరదు. గాలి దించిన టైరుతో ఇసుకలో పొర్లితేనే దూరుతుంది.

తీరంలో ఇది కొత్త విద్యేం కాదు. పొడి ఇసుకలో బండి దిగబడకుండా టైర్లలో గాలి మూడు వంతులు తీసేస్తారు. టైరు పలచగా పరుచుకుని ఒంటె పాదంలా ఇసుక మీద తేలుతుంది. పడవ లాగడం అయ్యాక, తారురోడ్డు ఎక్కకముందే మళ్ళీ గాలి కొట్టుకోవాలి. కొట్టుకోకుండా ట్రైలరు తగిలించుకుని తారు మీద పరిగెడితే ఇదిగో, ఈ నల్లపొడి.

కానీ నరసింగరావు లారీ ఇసుకలో దిగదు. అది ఆయన శాసనం. దిగితే డ్రైవరు ఉద్యోగం పోతుందని అద్దం మీద కాగితం అంటించి మరీ పెట్టాడు. పేటలో ఎవరు బతిమాలినా ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా దింపలేదు.

“ఇంకోటి,” అంది తులసి. వెనక లోపలి టైరుకి గాలి కొట్టడానికి బయటికి పొడుగ్గా వచ్చే గొట్టం చూపించింది. అది ఊగకుండా చక్రానికి పచ్చ నైలాను దారంతో కట్టి ఉంది. వలల దారం. “ఇది నువ్వు కట్టిందా?”

“నాను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టీవాణ్ణి. తుపాను తర్వాత ఈ దారం ఉన్నాది. వెంకీ కట్టాడేమోనని ఊరుకున్నాను.”

“నాకు ఇలాటి ముడి రాదు,” అన్నాడు వెంకీ. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది.

అప్పుడే రోడ్డు మీద కేక వినిపించింది. “ఎండు సేపలూ! నెత్తళ్ళూ!”

జగ్గమ్మ. గురువారం గురువారం గంప నెత్తిన పెట్టుకుని పెదగెడ్డపాలెం నుంచి ఆటోలో వస్తుంది, రైలు దిగే జనానికి అమ్ముకోవడానికి. దారిలో తులసి కొట్టు ముందు గంప దింపడం అలవాటు. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం స్టేషను మైకుతో పోటీ.

“ఏటే తులసీ, అంత మొగమేసుకున్నావు? టైరు మింగీసినావా?”

“అత్తా, ఇటు రా. వలలు అల్లే చెయ్యి నీది. ఈ ముడి చూసి చెప్పు.”

జగ్గమ్మ వంగి దారం చూసింది. ఒకసారి వేలితో తిప్పింది. 

“ఎడంసేతోళ్ళు ఏసే ముడిది. ఇలాటిదే నా పడవ తాడుకీ ఉన్నాది,” అంది.

“ఎవరు కట్టారు?”

“నానడగనేదు.”

“అదేంటత్తా?”

“తుపాను ముందురోజు పొద్దున్నే మమ్మల్ని బస్సులెక్కించి బడికి తీసుకుపోనారు. అందరి పడవలూ ముందే పైకి లాగీసుకున్నారు. నాకెవులున్నారు? నాది ఒడ్డునే ఉండిపోనాది. పోతే పోనీ అనుకున్నాను. మూడో రోజొచ్చి సూస్తే సరుగుడు తోట మధ్యన, మెరక మీద, తాడేసి కట్టీసి ఉన్నాది. సిన్న గీతైనా పళ్ళేదు. పేటోళ్ళందర్నీ అడిగినాను. ఎవులూ మేం కాదన్నారు. అప్పుడా ముడి సూసినాను.” గంప మీద గుడ్డ సర్దుకుంది. “ఆ తర్వాత ఇంకెవుల్నీ అడగనేదు.”

జగ్గమ్మ నరసింగరావుకి స్వయానా చెల్లెలు. పదకొండేళ్ళుగా అన్నకీ చెల్లికీ మాటల్లేవు. ఆ సంగతి తీరం మొత్తానికి తెలుసు. జగ్గమ్మ మొగుడు రాముడు వేటకెళ్ళి తిరిగి రాని రోజున, వెతకడానికి పడవ దించమని ఆమె అన్న కాళ్ళ మీద పడింది. సముద్రం బాగాలేదు, తెల్లారనీ అన్నాడాయన. తెల్లారాక ఖాళీ పడవ దొరికింది. తర్వాత ఎప్పుడో కూడబెట్టుకుని కొనుక్కున్న పడవకి జగ్గమ్మ మొగుడి పేరే రాయించింది.

తులసి ఇంకేమీ అనకముందే ఆటో ఆగింది. నరసింగరావు దిగాడు. బండి ఇంకా రాలేదేమని కొడుక్కి ఆరుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే తనే బయల్దేరాడు. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు, అరవై ఐదేళ్ళయినా నిటారు మనిషి. మురళిని చూసి చూడనట్టు తల తిప్పాడు. తిప్పిన వైపు చెల్లెలు కనపడింది. మళ్ళీ ఇటు తిప్పాడు.

“ఒక్క టైరు ఎయ్యడానికి ఇంతసేపేటి తులసమ్మా?”

“మూడు టైర్లు చచ్చాయి బాబాయ్. ముందు రెండూ బరువు తక్కువ కాబట్టి బతికాయి గానీ వాటిల్లోనూ పొడుంది. ఆరూ మార్చాలి.”

“నీ కొట్లో సరుకు కదలడం నేదా? ఒక్కటి సాలు. ఎనకాల బరువు ట్రైలరు సక్రాలు మోస్తాయి. లారీ టైర్లకేటి బాధ?”

“ట్రైలరు కొక్కెం గాల్లో వేలాడుతోందా? అది కూర్చునేది లారీ తోక మీదే కదా. ఆ భారం వెనక నాలుగు టైర్ల మీదే పడుతుంది. బ్రేకు తొక్కితే వెనకున్నదంతా ముందుకి తోస్తుంది. పాతదాని పక్కన కొత్తది వేస్తే కొత్తది ఎత్తుగా ఉండి, బరువంతా అదొక్కటే మోస్తుంది. రేపు ఆ బండి తోలేది నీ కొడుకు.”

“అంటే నివ్వు సెప్పినట్టే అవ్వాలా?”

“అత్తోరూ అల్లుడూ కాదు గదా మనం, అలగడానికి. కూర్చో. టీ తాగు.”

వెనకనుంచి జగ్గమ్మ అంది, ఎవరితోనో అన్నట్టు. “తులసీ, లారీ ఓనరుగారికి పంచదార తక్కువెయ్యమను. సుగరున్నాదట.”

“తులసమ్మా,” అన్నాడు నరసింగరావు గోడకేసి చూస్తూ, “ఎండు సేపలమ్ముకునే మనుసులు ఎండు సేపలమ్ముకుంటే బాగుంటాదని సెప్పు.”

“మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమేన్ని కాను,” అంది తులసి. టీ గ్లాసు అందించింది.

ఆయన ఎడంచేత్తో అందుకున్నాడు. తువ్వాలు మోకాలి మీద వేసుకున్నదీ ఎడంచేత్తోనే. తులసి చూసింది. మురళీ చూశాడు. వెంకీ మాత్రం నేలకేసి చూశాడు. వాడికి ముందే తెలుసేమో.

తులసి ఆ దారం గురించి ఒక్కమాట కూడా ఎత్తలేదు. పాత గల్లాపెట్టె మీదనుంచి కాగితం, పెన్నూ తీసింది.

“ట్రైలరు లాగే బండికి టైరు ఇచ్చేముందు నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను బాబాయ్. ఎనిమిది నెలల కిందట నిన్నూ అడిగాను. మళ్ళీ అడుగుతున్నాను. ఒకటి, పడవతో సహా ట్రైలరు కాటా మీద ఎంత తూగుతుంది?”

“ఐదు టన్నులు.”

“రెండు, కొక్కెం మీద ఎంత పడుతుంది?”

“ఐదొందల కేజీలుంటాది. ఇంజను ఎనక్కి జరిపితే తక్కువ.”

“ఎనక్కి జరపకు, ట్రైలరు ఊగుతుంది. టైరు పక్కన రెండు అంకెలు ఉంటాయి, ఒంటరిగా ఎంత మోస్తుందో, జోడీలో ఎంత మోస్తుందో. మనం చూడాల్సింది రెండోది, ఆ చిన్న అంకె. లారీ బరువూ, ఈ ఐదొందలూ కలిపి, ఆ పైన కాస్త మిగిలేలా తీసుకుందాం. మూడు, ఎంత దూరం, ఎప్పుడు?”

“ఎనబై కిలోమీటర్లు. పగలే. ఎండలోనే.”

తులసి రాసుకుంది. పెన్ను ఆపింది.

“నాలుగు. ఏ నేల మీద?”

“తారు.”

“తారొక్కటేనా?”

“ఎన్నిసార్లు సెప్పాలి? నా బండి ఇసకలో దిగదు.”

“ఎనిమిది నెలల కిందట ఇదే చెప్పావు. తారు కోసం సన్నగీతల టైరిచ్చాను. ఇప్పుడూ అదే అయితే అదే ఇస్తాను. కానీ ఇసుకలో దిగే బండైతే వేరే టైరివ్వాలి. బండి మీదే గాలి కొట్టే పంపు పెట్టాలి, ఎంతవరకు గాలి తియ్యొచ్చో తోలేవాడికి చెప్పాలి. చెప్పకపోతే మళ్ళీ ఎవడో తీస్తాడు, మళ్ళీ లోపల పొడి రాలుతుంది. నాగావళి దగ్గర పొలముంది కాబట్టి పొలంలో పడ్డారు. అన్నిచోట్లా పొలాలుండవు.” గవ్వ ముక్కని బల్ల మీద, ఆయన గ్లాసు పక్కన పెట్టింది. దాని పక్కన పచ్చదారం. “టైరులో లోపం లేదని నేనన్న మాట పట్టుకుని ఒక మనిషిని దింపేశావు. అది సగం మాట. మిగతా సగం ఎల్లుండి సంఘంలో నేను చెప్పాల్సి వస్తే ఏం చెప్పాలి? ఇది ఏ నేల మీద తిరిగింది బాబాయ్?”

కొట్టులో కంప్రెసరు మోటారు ఆగింది. రోడ్డు మీద ధాన్యం ట్రాక్టరు ఒకటి వెళ్ళింది. నరసింగరావు దారాన్ని ఎడంచేతి వేళ్ళ మధ్య తీసుకుని, ముడి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

“నాన్నా,” అన్నాడు వెంకీ. “బడి కాడ నివ్వు నేవు. మద్దేనం దాకా నేవు.”

నరసింగరావు కొడుకు వైపు చూడలేదు, తులసి వైపు చూడలేదు. మురళి వైపు తిరిగాడు.

“నానే దించినాను. బండి కాడ ఇంకెవులూ నేరు, నానొక్కడినే. నా పడవ ట్రైలరు మీద కట్టీసి, ఎలిపోదామని బయల్దేరినాను. తోట కాడికొచ్చి ఎనక్కి సూస్తే ఒడ్డున ఒక్క పడవే ఉన్నాది. దాని మీద రాముడు అని రాసున్నాది. కెరటం అప్పటికే దాని కింద తవ్వుతన్నాది. ఆ పేరు నీళ్ళలోకి ఎల్లడం రెండోసారి సూడ్డం నా వల్ల కానేదు. ట్రైలరు రోడ్డు మీద ఒగ్గీసి, ఆరు టైర్లకీ గాలి తీసీసినాను. ముప్పయ్యుందో ఇరవయ్యుందో, ఎవులు సూసారు? తాడేసి లాగినాను. వచ్చీసింది. తోటలో కట్టీసి, బండి రోడ్డెక్కించి మళ్ళీ గాలి కొడదామంటే పేటలో కరెంటు నేదు. పెద్దరోడ్డు బంకు పందొమ్మిది కిలోమీటర్లు. ఎనకాల ట్రైలరు తగిలించుకుని అలగే పోనాను. టైర్లు కాల్తన్న వాసనొచ్చింది మురళీ. తెలిసే పోనాను. బంకులో గాలి కొట్టించి, ఎవులూ సూడకుండా కడిగీసినాను.

“నీ సేతుల్లో పేలినప్పుడు నాకు ఎంటనే తెలిసింది. ఎందుకు పేలిందని అడిగితే ఇసకలో దించినానని సెప్పాలి. ఎవులి కోసం దించినావంటే ఏటి సెప్పను? పదకొండేళ్ళ కిందట మనిసి కోసం దించనోడు, ఇప్పుడు ఫైబరు ముక్క కోసం దించినాడని అంటారు. ఆ మాట నా సెల్లి నోట ఇనాల్సొస్తాదని బయమేసింది. అందుకని నీ నెత్తిన పడీసినాను. నివ్వు నలబై స్పీడులోనే వస్తన్నావని నాకు తెల్సు. ఎప్పుడూ నలబై దాటవు నివ్వు. ఎల్లుండి సంఘంలో ఈ ముక్కే నా నోటితో సెప్తాను.

“తులసమ్మా, నీ నాలుగో దానికి ఇసక అని రాసుకో. ఆరూ మార్చీ. పంపు కూడా పెట్టు. మళ్ళీ తుపానొస్తే ఆ పడవ కోసం మళ్ళీ దించుతాను, ఈసారి అందరూ సూస్తండగానే దించుతాను. తాళం మాత్రం వెంకీకి ఇవ్వకు. మురళికి ఇచ్చీ.”